డేనిష్ గాంబిట్ ఎదురైతే నల్లపావులతో ఏం చేయాలి?

పర్లాకిమిడిలో ఆదివారాలు నా దగ్గర చదరంగం నేర్చుకునే పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. పాతపట్నం నుంచి కూడా కొందరు వస్తారు. బరంపురంలో పోటీలకు వెళ్లే ముందు వీళ్లందరి చేతా డేనిష్ గాంబిట్‌కు జవాబు సాధన చేయిస్తాను. ఈ గాంబిట్ అంటే తెల్లపావులవాళ్లు మొదట్లోనే బంట్లు వదులుకుని, పావులను త్వరగా బయటికి తెచ్చి దాడికి దిగే ఆరంభం. ఫోనులో చూసి ఆ ఎత్తు నేర్చుకున్న ప్రత్యర్థులు ఇప్పుడు ఎక్కువయ్యారు.

బోర్డు ముందు పెట్టుకోండి. గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతుంది. తెల్లబంటు ఇ4, మీది ఇ5. తర్వాత వాళ్లు డి4 ఆడితే చంపండి, సి3 ఆడితే అదీ చంపండి. వాళ్ల శకటు (బిషప్) సి4కు వస్తుంది. మీ బంటు బి2లోని బంటును చంపుతుంది, రెండో శకటు దాన్ని తీసుకుంటుంది. మీకు రెండు బంట్లు ఎక్కువే. కానీ ఆ రెండు శకట్లూ మీ రాజు కోట కట్టుకునే (కాజిలింగ్ చేసే) వైపే గురిపెట్టి ఉన్నాయి, మీ పావులేమో ఇంకా ఇల్లు కదల్లేదు.

పిల్లలు ఇక్కడ ఆ బంట్లను దాచుకోవాలని చూస్తారు. నేను ఒప్పుకోను. వెంటనే డి5 ఆడి ఒక బంటును తిరిగి ఇచ్చేయాలి. ఈ పద్ధతి కార్ల్ ష్లెక్టర్ పేరుతో ఉంది. 1910లో ప్రపంచ చాంపియన్ లాస్కర్‌తో పది ఆటల మ్యాచ్‌ను 5-5తో సమం చేసిన ఆస్ట్రియా ఆటగాడాయన.

శకటు డి5ను చంపితే గుర్రాన్ని ఎఫ్6కు తీయండి. అప్పుడు శకటు ఎఫ్7 బంటును చంపి చెక్ చెబుతుంది. రాజుతో దాన్ని చంపగానే తెల్ల మంత్రి డి8లో ఉన్న మీ మంత్రిని ఎత్తుకుపోతుంది. "మాస్టారూ, మంత్రి పోయింది!" అని ఇక్కడే కంగారుపడతారు. నిదానంగా చూడమంటాను. ఎఫ్8లోని శకటును బి4కు జరిపితే రాజుకు చెక్. అంతేకాదు, రాజు, గుర్రం, శకటు మూడూ తప్పుకోవడంతో హెచ్8లోని ఏనుగుకు (రూక్) డి8 దాకా దారి తెరుచుకుంది! వాళ్లు మంత్రిని డి2లో అడ్డుపెట్టక తప్పదు. వేరే ఏది ఆడినా మంత్రి ఊరికే పోతుంది. మీ శకటు మంత్రిని, వాళ్ల గుర్రం శకటును చంపుతాయి.

ఇప్పుడు బలాలు సమానం, చెరి అయిదు బంట్లు. మంత్రి వైపు, అంటే ఎ నుంచి డి వరకు వరుసల్లో, మీకు మూడు, వాళ్లకు ఒక్కటి. ఏనుగును ఇ8కు తెచ్చి ఇ4 బంటును ఒత్తిడిలో పెట్టండి, సి బంటును ముందుకు నడపండి. ఈ ముగింపు నాకెంతో ఇష్టం.

డి5ను శకటుతో కాక బంటుతో చంపితే మరీ సులువు. గుర్రం ఎఫ్6, శకటు డి6, ఆపై కోట. ఒక బంటు మీకు మిగులుతుంది.

సి3 బంటును తీసుకోవద్దనుకుంటే మూడో ఎత్తులోనే డి5 ఆడవచ్చు. 1926లో అమెరికా ఆటగాడు మార్షల్‌ను అప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా అలాగే ఓడించాడు. కానీ చిన్నపిల్లలకు నేను ముందు ష్లెక్టర్ దారే నేర్పుతాను, మంత్రి పోయాక కూడా బోర్డంతా చూసే అలవాటు దానితో వస్తుంది.