వెడల్పు పాదాలకు షూ లేసులు ఎలా కట్టుకోవాలి?

నా పాదం ముందుభాగం చేటంత. ఏ షూ వేసినా చిటికెన వేలి పక్కన కరిచేది. షాపులో అబ్బాయి "ఒక సైజు పెద్దది తీసుకోండి సార్" అంటే తీసుకున్నాను. వెడల్పు పెరిగింది పిసరంత, పొడవు మాత్రం బాగా పెరిగి, మడమ లేచిపోతూ టపాటపా నడక మొదలైంది. సైజు పెంచడం కంటే లేసు మార్చడమే నయమని అప్పుడు తెలిసింది.

లేసు విప్పేముందు ఒక్క పరీక్ష. సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, షూ లోపలి అట్ట బయటికి తీసి దానిమీద నిలబడండి. పాదం రెండు పక్కలా బాగా పొర్లిపోతుంటే ఏ లేసూ కాపాడదు. 2ఈ, 4ఈ అని రాసి ఉండే వెడల్పు రకాలు చూసుకోవాల్సిందే. కొంచెమే అంచు దాటితే పనవుతుంది.

వాకింగ్ షూకి ఒక్కో పక్క 6 కన్నాలు, చీలమండ దగ్గర పక్కగా ఇంకొకటి, మొత్తం 7 ఉన్నాయనుకుందాం. కింది నుంచి లెక్కపెట్టండి.

లేసు మొత్తం లాగేయండి. 1వ జత కన్నాలను ఖాళీగా వదిలేయండి. వేళ్ల దగ్గర షూ విచ్చుకునేది అక్కడే. 2వ జతలో లేసును పైనుంచి లోపలికి దూర్చి, రెండు కొసలూ సమానం చేయండి.

ఇప్పుడు అసలు కిటుకు. కొసలను అడ్డంగా దాటించకుండా, ఏ పక్కది ఆ పక్కనే లోపలి నుంచి పైకి తెచ్చి 3వ కన్నంలోంచి బయటికి తీయండి. మామూలుగా కట్టే ప్రతి ఇంటూ గుర్తూ షూ రెండు పక్కల్నీ దగ్గరికి లాగుతుంది. ఇక్కడ ఇంటూ లేదు కాబట్టి ఆ లాగుడూ ఉండదు. నొప్పి ఇంకాస్త పైన ఉంటే 4వ కన్నం దాకా ఇలాగే నిలువుగా వెళ్లండి.

అక్కడి నుంచి 6వ జత వరకు మామూలు అల్లికే.

కింద వదులు చేశాం కనుక మడమను పైన పట్టుకోవాలి. 6లోంచి బయటికొచ్చిన కొసను అదే పక్క 7వ కన్నంలోకి దూర్చి, చిన్న ఉచ్చులా వదలండి. రెండో పక్కా అంతే. కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి లాగండి. చాలామంది షూల్లో ఆ చివరి కన్నం ఊరికే పడి ఉంటుంది, పాపం.

తొడుక్కునేటప్పుడు మడమను నేలకు తట్టి వెనక్కి ఆనించి, పైభాగమే బిగించండి. వేళ్లు లోపల ఆడుతుండాలి. ముడి వేశాక చెవులు షూకి అడ్డంగా కాకుండా పొడవునా తిరిగాయంటే అది ఊడిపోయే ముడి. మొదటి మెలికను రెండో వైపు నుంచి వేస్తే సర్దుకుంటుంది.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు "బాగానే ఉంది" అన్న అనుభూతిని నమ్మొద్దు, డాక్టర్‌కి చూపించి కొనండి. మిగతావాళ్లు ఇంట్లోనే 20 నిమిషాలు తిరిగి, సాక్సు తీసి చూడండి. ఎక్కడ ఎర్రగా కమిలిందో, ఆ కన్నం దగ్గరే ఇంటూ తీసేయాలి.