సి ప్రోగ్రామ్‌లో ఫైల్ పాత్ తప్పుతోందా? సమస్య - పరిష్కారం

పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు ఒకే కంప్యూటర్‌లో తెలుగు పేరున్న ఫోల్డర్, ఒడియా పేరున్న ఫోల్డర్ పక్కపక్కనే కనిపిస్తాయి. సి భాషకు అవి అక్షరాలు కావు, వరుసగా పేర్చిన బైట్లు. పాత్‌ను (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే పూర్తి పేరును) అతికించేటప్పుడు, తుంచేటప్పుడు ఈ సంగతి మరిస్తేనే చిక్కు.

ఇంగ్లీషు పేర్లతో బాగానే నడిచిన ప్రోగ్రామ్ తెలుగు ఫోల్డర్ ఇవ్వగానే కూలిపోతోంది, లేదా పేరు చివర పిచ్చి గుర్తు వస్తోంది

యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు, ఒడియా హల్లులకూ గుణింతపు గుర్తులకూ ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. "రాయగడ" కంటికి నాలుగు అక్షరాలు, లోపల 15 బైట్లు. "పర్లాకిమిడి" ఐదు అక్షరాలే, కానీ 33 బైట్లు. చివరి నల్‌తో (స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా బైటుతో) కలిపి 34. 32 బైట్ల బఫర్‌లోకి (పేరు దాచే మెమరీ చోటులోకి) స్ట్ర్‌క్యాట్‌తో దాన్ని అతికిస్తే పక్క మెమరీ చెడిపోతుంది. పిచ్చి గుర్తు వచ్చిందంటే మూడు బైట్ల మధ్యలో పేరు తెగిందన్నమాట.

ఫోల్డర్, ఫైలు పేర్లను స్ట్ర్‌లెన్‌తో కొలవండి. అది బైట్లనే లెక్కిస్తుంది. స్లాష్‌కు 1, నల్‌కు 1 కలిపి అంత మెమరీని మాలాక్‌తో తీసుకోండి. బఫర్ సైజు ముందే ఖాయమైతే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడి, అది తిరిగిచ్చే సంఖ్య తప్పక చూడండి. మొత్తం పాత్‌కు నల్ కాక ఎన్ని బైట్లు కావాలో ఆ సంఖ్య చెబుతుంది. అది రుణాత్మకమైనా, బఫర్ సైజుకు సమానమైనా, మించినా ఫైలు తెరవకండి: తెగిన పాత్ మరో ఫైలుదై ఉంటే దాని మీదే రాసేస్తారు. స్ట్ర్‌ఎన్‌కాపీ ఇక్కడ పనికిరాదు, బఫర్ నిండితే నల్ పెట్టదు.

ఫంక్షన్‌కు పంపిన బఫర్‌పై సైజ్‌ఆఫ్ వాడినా పేరు తెగుతుంది. అక్కడ అది పాయింటర్ సైజు, 64 బిట్ యంత్రంలో 8. సైజును వేరే ఆర్గ్యుమెంట్‌గా పంపండి.

డిర్‌నేమ్ పిలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్, లేదా ఫైలు పేరు అడిగితే ఫోల్డర్ పేరు వస్తోంది

పాత్‌లో ఫోల్డర్ భాగాన్ని ఇచ్చేది డిర్‌నేమ్, చివరి పేరును ఇచ్చేది బేస్‌నేమ్. లినక్స్‌లో డిర్‌నేమ్ మీరిచ్చిన స్ట్రింగ్‌నే మారుస్తుంది: చివరి స్లాష్ చోట నల్ పెడుతుంది. కోట్స్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్ చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేదు, అందుకే కూలుతుంది. "/డేటా/రాయగడ/మార్కులు" మీద డిర్‌నేమ్ పిలిచి, అదే స్ట్రింగ్ మీద బేస్‌నేమ్ పిలిస్తే "రాయగడ" వస్తుంది. రెండింటికీ స్ట్ర్‌డప్‌తో విడివిడి కాపీలు ఇవ్వండి. ఫలితం ఆ కాపీలోకే చూపే పాయింటర్ కావచ్చు, కనుక వాడుక ముగిశాకే ఫ్రీ చేయాలి.

ఫైలు ఉన్నా "నో సచ్ ఫైల్" అంటోంది

పాత్‌ను ఎఫ్‌గెట్స్‌తో చదివితే చివర కొత్త లైను గుర్తు మిగులుతుంది. స్ట్ర్‌సీస్పాన్‌తో దాని చోటు కనుక్కుని నల్ పెట్టండి. విండోస్‌లోనైతే కోడ్‌లో రాసిన బ్యాక్‌స్లాష్‌లూ చూడండి: దాని వెంట ఎన్ వస్తే కొత్త లైను, టీ వస్తే ట్యాబ్ అవుతుంది. రెండేసి బ్యాక్‌స్లాష్‌లు రాయండి, లేదా మామూలు స్లాష్ వాడండి. ఎఫ్‌ఓపెన్‌కు అదీ చెల్లుతుంది.

విండోస్‌లో తెలుగు పేర్లు మాత్రమే తెరుచుకోకపోతే కారణం వేరు. అక్కడ మామూలు ఎఫ్‌ఓపెన్ పాత కోడ్‌పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం పేరు చదువుతుంది. తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ లేదు. పాత్‌ను మల్టీబైట్‌టువైడ్‌చార్‌తో మార్చి డబ్ల్యూఎఫ్‌ఓపెన్‌కు ఇవ్వండి.

ఎక్స్‌టెన్షన్ తప్పుగా వస్తోంది

స్ట్ర్‌ఆర్‌చార్‌తో మొత్తం పాత్‌లో చివరి చుక్క వెతికితే "/డేటా/కూర్పు1.2/చదవండి"లో ఫోల్డర్ చుక్క దొరుకుతుంది. ముందు చివరి స్లాష్ వెతికి, దాని తర్వాతి భాగంలోనే చుక్క చూడండి. ఆ భాగం చుక్కతోనే మొదలై, మరో చుక్క లేకపోతే అది దాచిన ఫైలు. దానికి ఎక్స్‌టెన్షన్ లేదు.