బాలింత దిగులుగా ఉంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో ఊరికే కన్నీళ్లు వస్తుంటే కంగారు పడకండి. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు, కుట్లు నొప్పి, చాలామందికి అలాగే ఉంటుంది, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించాల్సిందే. కొందరికి కడుపుతో ఉన్నప్పుడే మొదలవుతుంది, ఇంకొందరికి బిడ్డకు ఆరేడు నెలలొచ్చాక బయటపడుతుంది.

ఏడుపు ఒక్కటే చూస్తే తెలియదు. నిద్ర చూడండి. బిడ్డ పడుకుంది, లైటు ఆర్పేశారు, పక్కన మీరున్నారు, అయినా ఆమె కళ్లు తెరుచుకునే ఉండి, ఊపిరి ఆడుతోందో లేదోనని మాటిమాటికీ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోందంటే తేలిగ్గా తీసుకోవద్దు. అన్నం సయించకపోవడం, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోవడం, "నా వల్ల కాదు, నేను మంచి తల్లిని కాను" అని పదేపదే అనడం కూడా అంతే.

"పచ్చి బాలింతవి, ఏడిస్తే పాలు పడవు" అని మాత్రం దయచేసి అనకండి. దాంతో ఏడుపు ఆగదు, మీకు కనబడకుండా ఏడుస్తుంది. ఆడపిల్ల పుట్టిందని మూతి విరిచే చుట్టాలను కొన్నాళ్లు రానివ్వకండి, ఇందులో మొహమాటం అనవసరం.

ముందు ఆమెకు రాత్రి నాలుగైదు గంటలైనా ఏకబిగిన నిద్ర దొరకాలి. పాలు పట్టగానే బిడ్డను మీరు తీసుకుని, భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, గుడ్డ మార్చి పడుకోబెట్టండి. ముందే పిండి ఉంచిన తల్లిపాలు ఉంటే ఒక పూట అవే పట్టండి. పుట్టింట్లో ఉన్న భార్యను ఆదివారం చుట్టపుచూపుగా చూసొచ్చే భర్తలు నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కడే ఉంటే ఎంతో మేలు.

తర్వాత, అడగండి. బాలింతల్లో డిప్రెషన్‌ను పసిగట్టడానికి డాక్టర్లు వాడే ఎడిన్‌బరో స్కేల్ అనే ప్రశ్నల పట్టికలో 10 ప్రశ్నలుంటాయి, గడిచిన 7 రోజులు ఎలా ఉన్నావనే అడుగుతాయి, చివరిది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మీరూ సూటిగానే "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని అడగొచ్చు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాన్పు చేసిన గైనకాలజిస్ట్ దగ్గరే మొదలుపెట్టొచ్చు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించండి, నీరసం, దిగులు వాటివల్లా వస్తాయి. మందులంటే పాలు మాన్పించాలేమోనని భయపడతారు గానీ, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి, పాలిచ్చే తల్లులకు డాక్టర్లు రాస్తూనే ఉంటారు. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు. ఎవరికి చెప్పాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మాత్రం వేరే రకంగా వస్తుంది. నిద్రే లేకుండా తిరుగుతుంటారు, ఎవరో మాట్లాడుతున్నారంటారు, బిడ్డ తన బిడ్డే కాదంటారు. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగితే ప్రాణాల మీదికి వస్తుంది, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అప్పటిదాకా తల్లీబిడ్డల పక్కన ఒకరుండాలి. చేరిస్తే బిడ్డను వేరు చేస్తారన్న భయం వద్దు: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, బిడ్డకు ప్రమాదం ఉంటే తప్ప, మూడేళ్లలోపు పిల్లలను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదు.