డాలస్ వెళ్ళే మనవాళ్ళకి: ముందు తలుపు చూసుకోండి

జూన్‌లో పాలకొల్లు వచ్చాను. ఇంట్లో ఆవకాయ జాడీలకి వాసెన కడుతుంటే మా వీధి కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు. ఆగస్టులో డాలస్ వైపు ఎమ్మెస్‌కి వెళ్తున్నారు. "పచ్చడి ఎన్ని కేజీలు పట్టుకెళ్ళొచ్చు బాబాయ్?", "కుక్కర్ మూడు లీటర్లది చాలా?" అని అడిగారు గానీ తాళం సంగతి ఒక్కడూ అడగలేదు. వాళ్ళననేం లాభం? మా ఇంటి తాళం చెవి ఎప్పుడూ పక్కింటి పిన్నిగారి దగ్గరే ఉంటుంది. ఆవిడ ఊరెళ్తే ఆవిడది మా దగ్గర.

నేనూ అలాగే వెళ్ళాను. అక్కడ మొదటి అపార్ట్‌మెంట్‌లో దిగిన నాలుగో రోజు రాత్రి పప్పుకి పోపు పెడుతుంటే బయటనుంచి తాళం తిరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఎవరో అతను, చేతిలో తాళం చెవితో. నాకు ముందు అద్దెకున్నవాడి స్నేహితుడట, వాడు ఖాళీ చేసిన సంగతి తెలియదట. సారీ చెప్పి వెళ్ళిపోయాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోపు మాడిపోయింది. ఆ రాత్రి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను. మర్నాడు అపార్ట్‌మెంట్ ఆఫీసులో తాళం మార్చడానికి డబ్బు కట్టమంటే నోరు మూసుకుని కట్టేశాను. కట్టక్కర్లేదని చాలాకాలానికి తెలిసింది.

డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో ఆస్తులు, అద్దెల చట్టం ఉంది, దాని పేరు ప్రాపర్టీ కోడ్. దాని 92వ అధ్యాయంలో ఇదంతా ఉంది. పాతవాళ్ళు ఖాళీ చేసి మీరు దిగాక 7 రోజుల్లోపు బయటి తలుపుల తాళాలు 'రీకీ' చేయించాల్సింది ఓనరే. ఖర్చూ ఓనరుదే. రీకీ అంటే తాళం మొత్తం మార్చక్కర్లేదు, పాత చెవి పనిచేయకుండా చేస్తే చాలు. నంబరు నొక్కే తాళమైతే నంబరు మార్చాలి.

మనవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే. ఇద్దరున్న ఫ్లాట్‌లో మూడోవాడిగా చేరితే పాతవాళ్ళంతా ఖాళీ చేసినట్టు కాదు, కాబట్టి ఈ ఉచిత రీకీ రాదు. మీ సొంత ఖర్చుతో అడిగితే ఓనరు ఎన్నిసార్లయినా చేయించాల్సిందే గానీ, అలా అడగాలంటే లీజులో మీ పేరుండాలి. "పేరెందుకులే, అడ్జస్ట్ అయిపో" అనే రూమ్మేట్ మాట వినకండి.

ఇక తలుపు చూడండి. ఎవరొచ్చారో చూసుకునే కన్నం, తాళం, వీటితోపాటు లోపలినుంచి మాత్రమే వేసుకునే బోల్టు ఉండాలి. అచ్చం మన గడియే అనుకోండి. బయటవైపు చెవి పెట్టే కన్నమే ఉండదు, కాబట్టి అది వేసుంటే ఆఫీసువాళ్ళ దగ్గరున్న చెవి కూడా పనిచేయదు. కిటికీలకి లాచ్‌లు ఉండాలి. బాల్కనీ గాజు తలుపు జరిపేదైతే దానికి పిన్ లాక్ (తలుపు జరగకుండా లోపలినుంచి గుచ్చే పిన్ను), దాంతోపాటు హ్యాండిల్ లాచ్ గానీ అడ్డంగా పడే బార్ గానీ ఉండాలి. చీపురు కర్ర కోసి పట్టాలో పెట్టుకునేవాళ్ళని చూశాను. పెట్టుకోండి, కానీ పిన్ లాక్ అడగడం మానకండి.

ఇవి లేకపోయినా, రీకీ చేయకపోయినా ఓనరుని నోటిమాటగా అడిగినా చెల్లుతుంది, లీజులో 'రాసి ఇవ్వాలి' అని బోల్డ్ అక్షరాల్లోనో, కింద గీత గీసో లేకపోతే. అయినా ఈమెయిల్ పెట్టండి. ఓనరుకి మామూలుగా 7 రోజులు గడువు. మీ ఇంట్లోకి ఎవరైనా చొరబడినా, చొరబడబోయినా, గత రెండు నెలల్లో అదే కాంప్లెక్స్‌లో వేరే ఇంట్లో అలా జరిగినా, ఆ మాట తప్పకుండా రాయండి. గడువు 72 గంటలకి తగ్గుతుంది. అప్పటికీ కదలకపోతే మీరే చేయించి అద్దెలో కోసుకునే దారి ఉంది గానీ దానికి షరతులున్నాయి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి లాయరు సలహా దొరుకుతుంది, ముందు అక్కడ అడగండి. ఆ దారి తప్ప, అనుమతి లేకుండా మీ అంతట మీరు తాళం మార్చకూడదు.

అద్దె బాకీ పడితే ఓనరు తాళం మార్చొచ్చు, అదీ లీజులో రాసుండి, ముందు నోటీసిస్తేనే. అయినా బాకీ తీర్చకపోయినా సరే, ఏ వేళప్పుడైనా కొత్త చెవి ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు) 'రిట్ ఆఫ్ రీఎంట్రీ', అంటే మిమ్మల్ని మళ్ళీ ఇంట్లోకి రానివ్వమనే ఆర్డరు, అడగండి. ఖాళీ చేయించడానికి కోర్టు ఆర్డరు కావాలి.

ఓనరు లోపలికి వచ్చేముందు ఇన్ని గంటల ముందు చెప్పాలని టెక్సస్ చట్టంలో లేదు, లీజులో ఏముంటే అదే. కాలిఫోర్నియాలో అయితే మామూలుగా 24 గంటల ముందు రాసివ్వాలి. ఏ రాష్ట్రం చట్టం దానిదే.

ముగ్గురిలో చిన్నోడు అంతా విని, "గడియ వేసుకుని పడుకుంటే నైట్ షిఫ్ట్ నుంచి వచ్చే రూమ్మేట్ ఎలా వస్తాడండీ?" అన్నాడు. ఫోన్ చేస్తాడు, నువ్వే లేచి తియ్యాలి అన్నాను.