అయినవాళ్లు లేని అమెరికా మాజీ సైనికుడికి అంత్యక్రియలు ఎలా జరిపించాలి

ముందు డీడీ-214, అంటే సైన్యం నుంచి విడుదలైనట్టు చూపే పత్రం, సంపాదించాలి. పని ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. దొరక్కపోతే ఎస్‌ఎఫ్-180 ఫారంతో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రాన్ని అడగండి. అంత్యక్రియల కోసమని స్పష్టంగా రాయండి. 1912-1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లు అక్కడ జరిగిన 1973 అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయాయి. వాళ్లకు వేరే ఆధారాలు వెతకాల్సిందే.

అర్హత తేలితే జాతీయ శ్మశానవాటికలో స్థలం, తవ్వకం, శిలాఫలకం ఉచితం. బంధువులు లేరని, డబ్బు లేదని తేలినప్పుడు శవపేటిక ఖర్చు కూడా పరిమితి మేరకు ప్రభుత్వం నుంచి తిరిగి వస్తుంది. కానీ అది కనీసం 20 గేజ్ లోహపుదై, బయట పిడులతో ఉండాలి. గేజ్ అంటే రేకు మందానికి కొలత; ఆ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది, కొనేముందే చూసుకోండి.

శవపేటికపై కప్పే జాతీయ జెండాకు 27-2008 ఫారం పెట్టాలి. సైనిక లాంఛనాలకు కనీసం ఇద్దరు యూనిఫాంలో వస్తారు, ఒకరు మరణించినవారి దళం నుంచే. మడిచిన జెండా ఎవరు అందుకోవాలో ముందే తేల్చుకోండి.