తొలి చేతి స్కానర్: మాట ఎందుకు వినిపించడం లేదు, ఏది కొనాలి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో విమానాల సంభాషణలు, రైళ్ల కదలికలు, తుపాను హెచ్చరికలు, ఊరి అగ్నిమాపక దళం మాటలు వినాలన్న ఆసక్తితో, రేడియో ఛానెళ్లను ఒకదాని తరువాత ఒకటి వెతికి వినిపించే చేతి స్కానర్ కొనదలచినవారు మొదట అడిగే ప్రశ్న "ఎంత పెట్టాలి" అన్నది. దానికంటే ముందు అడగవలసినది "మా కౌంటీలో ఆ ప్రసారం ఏ పద్ధతిలో వెలువడుతోంది" అన్నది. దిగువ వివరించిన సమస్యల్లో పెద్దవన్నీ ఈ రెండో ప్రశ్న అడగకుండా డబ్బు చెల్లించడం వల్ల వచ్చినవే కనుక, ఇప్పటికే కొన్నవారు పరికరాన్ని వాపసు చేసే ముందు, ఇంకా కొననివారు కొనే ముందు వీటిని చూసుకోవడం మంచిది.

పోలీసు, అగ్నిమాపక ఛానెళ్లలో మాటకు బదులు మోత వినిపిస్తోంది

నేను తొలిసారి కొన్నది ఎవరో వాడి అమ్మిన పరికరం. అరవై డాలర్లకే దొరికిందన్న సంతోషంతో ఒక సాయంత్రమంతా కూర్చుని కౌంటీ ఫ్రీక్వెన్సీలన్నీ మీటలు నొక్కి ఒక్కొక్కటిగా ఎక్కించాను. తీరా స్కాన్ మీట నొక్కితే, దూరాన పిండిమర తిరుగుతున్నట్లు ఎడతెగని గరగర తప్ప ఒక్క మనిషి గొంతూ వినిపించలేదు. రెండు రోజులపాటు యాంటెన్నాను, బ్యాటరీలను అనుమానించిన తరువాత గాని, అది పీ25 అనే డిజిటల్ వ్యవస్థకు చెందిన కంట్రోల్ ఛానెల్ శబ్దమని, అనలాగ్ స్కానర్ దాన్ని ఎన్నటికీ మాటగా మార్చలేదని నాకు తెలియలేదు.

ఇందులో రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది, గొంతు డిజిటల్ అంకెలుగా మారి వెలువడటం. రెండవది ట్రంకింగ్. రిజర్వేషన్ కార్యాలయంలో అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, ఏ కౌంటరు ఖాళీ అయితే ఆ కౌంటరుకు పంపినట్లే, ట్రంకింగ్ వ్యవస్థలో ఒక కంట్రోల్ ఛానెల్ ప్రతి సంభాషణనూ ఆ క్షణాన ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీకి పంపుతుంది. అందువల్ల ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర కాపు కాసి కూర్చుంటే ఒక మాట అగ్నిమాపక దళానిది, మరుసటి మాట పారిశుద్ధ్య విభాగానిది కావచ్చు. అక్కడ వినవలసినది ఫ్రీక్వెన్సీని కాదు, టాక్‌గ్రూప్‌ను, అంటే ఒక విభాగం వారంతా కలిసి మాట్లాడుకునే గుంపును. దీనికి తోడు పీ25లోనే రెండు దశలున్నాయి. రెండో దశలో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను కాలాన్ని బట్టి పంచి రెండు సంభాషణలు నడుపుతారు కాబట్టి, మొదటి దశను మాత్రమే అర్థం చేసుకునే పాత డిజిటల్ స్కానర్ కూడా అక్కడ పనికిరాదు.

పరిష్కారం కొనకముందే మొదలవుతుంది. రేడియో రిఫరెన్స్ అనే వెబ్‌సైటులోని సమాచార నిధిలో మీ కౌంటీ పుట తెరిచి, మీరు వినదలచిన విభాగం అనలాగ్‌లో ఉందా, పీ25లో ఉందా, ఉంటే ఏ దశలో, ఏ బ్యాండులో ఉందో రాసుకోవాలి. యూనిడెన్ బీసీ125ఏటీ వంటి నూరు, నూట యాభై డాలర్ల పరికరంలో 500 ఛానెళ్లు నిలువ చేయవచ్చు గాని, అది 512 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ట్రంకింగును అనుసరించదు, డిజిటల్ మాటను విప్పదు. మీ ఊరి వ్యవస్థ 700 లేదా 800 మెగాహెర్ట్జ్ బ్యాండులో పీ25 రెండో దశలో నడుస్తుంటే, నాలుగైదు వందల డాలర్లకు తక్కువ కాని స్కానర్ అవసరమవుతుంది. అంత పెట్టే స్తోమత లేనప్పుడు చవక పరికరం కొని నిరాశపడటం కంటే, దానికి సరిపోయే వేరే వినికిడిని ఎంచుకోవడమే నేను చెప్పే సలహా.

ఖరీదైన డిజిటల్ స్కానర్ కొన్నా పోలీసు మాట మాత్రం రావడం లేదు

మాటను రహస్య సంకేతంగా మార్చి పంపే ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట ఏ స్కానరూ పనిచేయదు. డెన్వర్ పోలీసు శాఖ 2019లోనే తన ఛానెళ్లకు తాళం వేసింది. న్యూయార్క్ నగర పోలీసులు 2023లో ఆ దారి పట్టారు. దీన్ని విప్పే పరికరం సాధారణ విపణిలో లేదు, విప్పబోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం కూడా. పైన చెప్పిన సమాచార నిధిలో ప్రతి టాక్‌గ్రూప్ పక్కన దాని పద్ధతిని తెలిపే అక్షరాలుంటాయి. వాటిలో ఇంగ్లీషు "ఇ" పెద్ద అక్షరంగా ఉంటే ఆ టాక్‌గ్రూప్ ఎల్లవేళలా ఎన్‌క్రిప్షన్‌లో ఉందని, చిన్న అక్షరంగా ఉంటే అప్పుడప్పుడు మాత్రమే ఉందని అర్థం. ఈ ఒక్క అక్షరాన్ని గమనించక అయిదారు వందల డాలర్లు వదులుకున్నవారున్నారు. అయితే పోలీసు మాట మూసుకుపోయిన అనేక చోట్ల అగ్నిమాపక, అంబులెన్సు ఛానెళ్లు ఇంకా తెరిచే ఉన్నాయి కాబట్టి, ఆ వరుసలు కూడా చూసి నిర్ణయించుకోవాలి.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే సమస్య ఇది. సిగ్నల్ తక్కువైతే మాట తెగుతుందని మనకు సెల్‌ఫోన్లు నేర్పాయి. ఇక్కడ గీతలు నిండుగా ఉండగానే మాట గులకరాళ్లు దొర్లినట్లు తెగిపోతుంది. సైమల్‌కాస్ట్ వ్యవస్థలో కౌంటీ అంతటా ఉన్న అనేక టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే సమయాన ఒకే మాటను పంపుతాయి. ఏ టవరు ఎంత దూరాన ఉందో దాన్ని బట్టి ఆ తరంగాలు మన యాంటెన్నాను మైక్రోసెకన్ల తేడాతో చేరి, ఒకదానిలో ఒకటి కలిసి, డిజిటల్ గుర్తులను చెరిపివేస్తాయి. పోలీసుల రేడియోలు ఈ కలగాపులగాన్ని విడదీసేలా తయారవుతాయి, పాత తరం స్కానర్లు అలా తయారు కాలేదు.

పెద్ద యాంటెన్నా తగిలిస్తే ఈ సమస్య తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే అది మరిన్ని టవర్లను లాక్కొస్తుంది. ఒక్క టవరే బలంగా వినిపించే చోటును వెతకడం ఇక్కడి కిటుకు. స్కానర్‌ను గదిలో రెండు మూడు అడుగులు జరిపి చూడండి, గోడ వారగా పెట్టండి, సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ వేయండి, యాంటెన్నాను పొట్టిదానితో మార్చండి. మా ఇంట్లో కిటికీ దగ్గర అర్థం కాని కౌంటీ అగ్నిమాపక ఛానెల్, అదే స్కానర్‌ను ఫ్రిజ్ పక్కన పెడితే స్పష్టంగా వినిపించేది. ఇవేవీ ఫలించకపోతే, 2018లో వచ్చిన యూనిడెన్ ఎస్‌డీఎస్100 వంటి, తరంగం ఆకృతిని పూర్తిగా పట్టే ఐక్యూ పద్ధతి ఉన్న స్కానర్ కావాలి. అది తొలి కొనుగోలుకు పెద్ద మొత్తమే. ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఇంతకంటే చవక మార్గం ఉంది. కంప్యూటర్‌ను రేడియోగా మార్చే ముప్ఫై, నలభై డాలర్ల ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ను యూఎస్‌బీలో పెట్టి, ఉచితంగా దొరికే ఎస్‌డీఆర్‌ట్రంక్ ప్రోగ్రాముతో వింటే, సైమల్‌కాస్ట్ మాట చాలాచోట్ల తేటగా వస్తుంది. అది చేతిలో పట్టుకు తిరిగే పరికరం కాదన్నది నిజమే, కానీ మీ ఇంటి దగ్గర ఏమేమి వినవచ్చో పెద్ద ఖర్చుకు ముందే తేల్చుకోవడానికి దాన్ని మించిన సాధనం నాకు కనిపించలేదు.

పైలట్ వినిపిస్తున్నాడు, కంట్రోల్ టవర్ వినిపించడం లేదు

ఇది లోపం కాదు. 108 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న విమాన బ్యాండు తరంగాలు చూపు ఆనినంత మేరకే సాగుతాయి. ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగిరే విమానం నూరు మైళ్లకు పైగా వినిపిస్తుంది గాని, నేల మీద ఉన్న టవర్‌కూ మీకూ మధ్య ఇళ్లు, చెట్లు అడ్డొస్తాయి. మేడ మీదకు వెళ్లడం, విమానాశ్రయం వైపు కిటికీ ఎంచుకోవడం చాలావరకు సరిచేస్తాయి. రెండువైపులా మాట వక్రంగా ఉంటే మాత్రం ఆ ఛానెల్ పొరపాటున ఎఫ్ఎమ్‌లో ఉందేమో చూడాలి. విమానాలు ఏఎమ్‌లోనే మాట్లాడతాయి.

తక్కువ ఖర్చుతో తృప్తిగా వినదలచినవారికి నేను మొదట చెప్పేవి విమానాలు, రైళ్లే. 160, 161 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో రైల్వే మాటలు నేటికీ ఎక్కువగా అనలాగ్‌లోనే ఉన్నాయి. చాలా మార్గాల్లో పట్టాల పక్కన అమర్చిన పరికరం రైలు దాటగానే దోషాలు లేవని, ఇన్ని ఇరుసులు దాటాయని యంత్ర స్వరంతో తనంతట తానే ప్రకటిస్తుంది. గేటు దగ్గర పిల్లవాడిని పక్కన నిలబెట్టుకుని ఆ ఇరుసుల లెక్క వింటే, ఆ వందన్నర డాలర్లకు తగిన ఫలం దక్కినట్లే.

ఎడతెగని హోరు, ఒకే ఛానెల్ దగ్గర ఆగిపోవడం

మాట లేనప్పుడు హోరును ఆపే స్క్వెల్చ్ అనే అమరిక పూర్తిగా తెరిచి ఉంటే హోరు వస్తుంది. హోరు ఆగే వరకు పెంచి, అక్కడి నుంచి కొద్దిగా మాత్రమే పైకి జరపాలి. ఎక్కువ బిగిస్తే బలహీనమైన మాటలు కూడా ఆగిపోతాయి. మాట లేకుండా స్కానర్ ఒక ఛానెల్ దగ్గర నిలిచిపోతుంటే, ఇంట్లోని ఎల్ఈడీ దీపాలు, ఫోన్ ఛార్జర్లు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. ఏదీ కారణం కాకపోతే ఆ ఛానెల్‌ను లాకవుట్ చేస్తే, అంటే స్కాన్‌లో దాటవేసేలా పెడితే సరిపోతుంది. ఎఫ్ఎమ్ రేడియో స్టేషన్ టవర్ దగ్గర నివసించేవారికి విమాన బ్యాండులో పాటలు చొరబడితే, 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ను అడ్డగించే చిన్న ఫిల్టర్ కావాలి.

యాంటెన్నా విషయంలో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు: పావు తరంగం పొడవు 150 మెగాహెర్ట్జ్‌కు అర మీటరు, 800 మెగాహెర్ట్జ్‌కు తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు. పరికరంతో వచ్చే రబ్బరు యాంటెన్నా అన్ని బ్యాండులకూ సర్దుకున్న రాజీ మాత్రమే.

పాతిక డాలర్ల వాకీటాకీ సరిపోదా

బావోఫెంగ్ యూవీ-5ఆర్ వంటివి వింటాయి, కానీ మెల్లగా స్కాన్ చేస్తాయి, ఏఎమ్ లేనందున విమానాలు వినిపించవు. అంతకు మించి, పొరపాటున మీట నొక్కితే లైసెన్సు లేని ఫ్రీక్వెన్సీలో మీ గొంతు ప్రసారమవుతుంది. వినడం మాత్రమే కావలసినవారు, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, వినడం మాత్రమే చేసే పరికరం కొనాలి. స్కానర్‌ను కారులో పెట్టుకునే ముందు మీ రాష్ట్ర చట్టం కూడా చూడండి. న్యూయార్క్ వంటి చోట్ల అనుమతి లేకుండా పోలీసు ఫ్రీక్వెన్సీలు పట్టే పరికరాన్ని వాహనంలో అమర్చడం నిషిద్ధం.

వాడిన పరికరం కొనేటప్పుడు

మంచి బ్యాటరీలు జేబులో వేసుకుని వెళ్లండి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఏడు వాతావరణ ఛానెళ్లలో మీ ప్రాంతానిది ఇరవై నాలుగు గంటలూ మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి, అమ్మే వ్యక్తి ఎదుటనే దాన్ని పెట్టి గొంతు స్పష్టతను పరీక్షించవచ్చు. యాంటెన్నాను మెల్లగా కదిపినప్పుడు మాట తెగితే అది బిగించే చోటు వదులైందని తెలుసుకోండి. తరువాత బ్యాటరీ మూత తీసి, తీగచుట్టల మీద తెల్లని పొడి పేరుకుందేమో వేలితో తడిమి చూడండి. బీసీ125ఏటీ అయితే ఆ గూటిలోనే ఒక చిన్న మీట ఉంటుంది. అది రీఛార్జబుల్ వైపు ఉండగా మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు వేసి యూఎస్‌బీ తగిలిస్తే అవి వేడెక్కి కారిపోతాయి, ఆ తెల్లని పొడి చాలాసార్లు అలా పుట్టినదే.