పెల్లెట్లు టెస్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి

తూటాల్లో మందు మనమే నింపుకుంటే గురి బాగా కుదురుతుందా అని తిరుపతిలో మా దగ్గర షూటింగ్ నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. ఆ ఆలోచన మానుకోండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, ప్రాణాలకూ ముప్పు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు సరిపోయే పెల్లెట్ (గాలి ఒత్తిడితో వెళ్లే చిన్న గుండు) వెతుక్కోండి, చాలు.

• రైఫిల్ గాలి సిలిండర్ మీద గడువు తేదీ చదవండి. దాటితే గాలి నింపొద్దు. మే నెల ఎండలో కారులో అసలు వదలొద్దు.

• కళ్లద్దాలు పెట్టుకోండి. టార్గెట్ వైపు తలుపు గడియ వేయండి.

• డబ్బా మీది పెల్లెట్ తల కొలత (4.49, 4.50 మి.మీ. లాంటివి), లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు ముందే రాసుకోండి. కొలత ఒకటే అయినా లాట్ మారితే గుంపు (కాగితం మీద షాట్లు పడే తీరు) మారొచ్చు.

• పెల్లెట్‌ను వెలుతురులో తిప్పి చూడండి. వెనక అంచు చాలా పల్చన, కొంచెం నొక్కుకున్నా దారి తప్పుతుంది. స్కూటర్ డిక్కీలో గుంతల రోడ్డు మీద తెచ్చిన డబ్బాలో అలాంటివి నాకు చాలానే దొరికాయి. ఇప్పుడు మూత కింద స్పాంజి పెడతాను.

• రైఫిల్‌ను స్టాండుకు గట్టిగా బిగించండి. టార్గెట్ మధ్యలోని పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. చేత్తో పట్టి కాలిస్తే తప్పు చేతిదో పెల్లెట్‌దో తేలదు. లాట్‌కు పది షాట్లు, కొత్త కాగితం.

• పెల్లెట్లు సీసంవి. నోట్లో పెట్టుకోవద్దు. టిఫిన్‌కు ముందు సబ్బుతో చేతులు కడగండి, చిన్నపిల్లలైతే దగ్గరుండి కడిగించండి.